చెప్పుల వ్యానులో ముగ్గురు

ఆ రోజు మధ్యాహ్నం బ్రేకమ్మ ఒక మనిషి మోకాలిచిప్ప పగలగొట్టింది. పొద్దున లేచేసరికి ఆమె మనసులో ఉన్నవి రెండే. కాలికి హాయిగా ఉండే ఒక జత చెప్పులు, కొండల నడుమ ఎక్కడో ఉందని విన్న ఒక సరస్సు.

బ్రేకమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. డ్రైవింగ్ స్కూల్లో పాతికేళ్ళుగా కారు నడపడం నేర్పుతోంది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటే తను పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ కింద బిగించిన రెండో బ్రేకు మీద పాదం ఆనించి, "బ్రేకమ్మా, బ్రేకు బాబూ" అంటూ ఊరంతా తిరగడం ఆమె ఉద్యోగం. ఆ మాట విని విని వాళ్ళే ఆ పేరు ఖాయం చేశారు. ఆమె దగ్గర పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు ఎప్పుడో అలసిపోయారు. పై వాటాలో తమ్ముడూ మరదలూ, కింది వాటాలో తనూ. ఈ ఏడాది నెల రోజులు సెలవు పెట్టి, ఒక్కతే, వెనక సీట్లో కూర్చుని నాలుగూళ్ళు చూసొస్తానని బయల్దేరింది. "ఎవరెలా నడిపినా నోరెత్తను, కాలు కదపను" అని తమ్ముడికి మాటిచ్చింది. నోరైతే ఎత్తలేదు కానీ, బస్సు మలుపు తిరిగినప్పుడల్లా కుడికాలు దానంతటదే నేలను నొక్కుతూనే ఉంది.

ఆ ఊళ్ళో ఆమెకు పనేమీ లేదు. అందుకే ఆగింది. హోటల్లో ఆలస్యంగా లేచి, కాల్చిన బ్రెడ్డు టీలో ముంచుకుని తిని, మార్కెట్ వీధిలోకి నడిచింది. పాత చెప్పు అడుగు అరిగిపోయి ప్రతి గులకరాయీ కాలికి పరిచయం అవుతోంది.

చెప్పుల షాపు ముందు తెల్లటి చిన్న వ్యాను ఆగి ఉంది. వెనక తలుపులు బార్లా తెరిచి, షాపాయన తనే అట్టపెట్టెలు దింపుకుంటున్నాడు. అరవై దాటిన మనిషి, బక్కపలచన. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, కింద గొంతుక్కూర్చుని పాత చెప్పులు రెండూ తిరగేసి చూశాడు.

"కుడికాలికి పని ఎక్కువలా ఉందే అమ్మా. ఇటువైపు అడుగే లేదు."

"ఊరందరి బ్రేకులూ నేనే తొక్కుతాను బాబాయిగారూ."

ఏం పని చేస్తుందో విని ఆయన నవ్వాడు. తన వ్యాను వైపు చూపించి, "దీనికీ కాస్త చెప్పండి. రెండో గేరు పడాలంటే కాళ్ళా వేళ్ళా పడాలి" అన్నాడు.

నాలుగు జతలు తొడిగి చూసింది. అయిదోది గోధుమరంగు, మెత్తటి పట్టీ. లేచి షాపంతా ఒక చుట్టు తిరిగింది.

"ఎలా ఉన్నాయి?"

"ఉన్నట్టే తెలియట్లేదు."

"ఇక విప్పకండి" అన్నాడాయన, పాతవి తీసి కాగితంలో చుడుతూ.

అప్పుడే బయట పెద్దగా కేక వినబడింది. ఒక మోటారుసైకిలు తోపుడుబండిని గీరుకుంటూ పోయింది. బండిమీది జామకాయలు రోడ్డంతా దొర్లాయి. బండివాడు మోటారుసైకిలు కుర్రాడి కాలరు పట్టుకుని లాగాడు. కుర్రాడు హెల్మెట్టు తీసి దాంతోనే బండివాడి చెవి మీద కొట్టాడు. రక్తం చూడగానే చుట్టూ జనం మూగారు. విడదీసేవాళ్ళు విడదీస్తున్నారో, చోటు చేసి ఇస్తున్నారో తెలియలేదు. కాసేపటికి ఎవరి దారిన వాళ్ళు పోయారు. కాయలు మాత్రం తలో రెండూ జేబుల్లోకి వెళ్ళాయి.

"ఈ వీధికి చేతుల దురద ఎక్కువమ్మా" అన్నాడు షాపాయన, ఏమీ జరగనట్టు డబ్బాలు సర్దుకుంటూ. "రోజూ ఏదో ఒకటి ఉండాలి."

బ్రేకమ్మ కొత్త చెప్పులతో రోడ్డు దాటింది. ఎదురుగానే టికెట్ల ఆఫీసు. ఒక్క గది, ముందు షట్టరు. లోపల అద్దం పరిచిన కౌంటరు, అద్దం కింద సముద్రాలూ జలపాతాలూ బొమ్మల్లో. గోడకు పెద్ద మ్యాపు. కౌంటరు వెనక ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. ఉక్కపోతలోనూ మెడచుట్టూ చున్నీ బిగించి చుట్టుకుని ఉంది.

"రండక్కా, కూర్చోండి. ఎక్కడికి పంపమంటారు మిమ్మల్ని?" అంది నవ్వుతూ.

ఆ నవ్వు బ్రేకమ్మకు నచ్చింది. సరస్సు సంగతి అడిగింది. టికెట్లమ్మాయి లేచి మ్యాపు దగ్గరకు వెళ్ళి వేలు పెట్టి చూపించింది. కొండ కిందిదాకా బస్సు. అక్కణ్ణుంచి జీపు. పైన సరస్సు ఒడ్డునే గదులు. తెల్లవారుజామున నీళ్ళ మీద పొగమంచు ఉంటుందని వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారట. అటునుంచి దిగి రైలెక్కితే సముద్రం. సముద్రంలోకి లాంచీలో వెళ్తే ఒక దీవి, దీవిలో దీపస్తంభం.

"నువ్వు చూశావా ఇవన్నీ?"

"నేనెక్కడక్కా. ఇక్కడ కూర్చుని అందర్నీ సాగనంపడమే నా పని."

"నాతో వచ్చెయ్. గది అద్దె కలిసొస్తుంది."

ఆ పిల్ల పగలబడి నవ్వింది. నవ్వుతూ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. చేతిగాజులు వెనక్కి జారినచోట మణికట్టు చుట్టూ పచ్చబడిన కమిలిన గుర్తు, నాలుగు వేళ్ళ వెడల్పున. బ్రేకమ్మ చూసింది. ఆ పిల్ల చూడనిచ్చినందుకు సిగ్గుపడి చెయ్యి కిందికి దింపేసింది. బ్రేకమ్మ మ్యాపు వైపు తిరిగి దీపస్తంభం గురించి ఇంకేదో అడిగింది.

జవాబు రాలేదు. ఆ పిల్ల గుమ్మం వైపు చూస్తోంది. మొహంలో రక్తం లేదు.

గుమ్మంలో ఒకతను నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, నున్నగా దువ్విన తల. కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని ఉన్నాడు.

"మేడమ్, ఏమనుకోకండి. మేం భార్యాభర్తలం. చిన్న మాటుంది. మీరు కాసేపు బయట కూర్చుంటే..." అన్నాడు ఎంతో మర్యాదగా.

బ్రేకమ్మ ఆ పిల్ల వైపు చూసింది.

"ఫర్వాలేదక్కా" అంది ఆ పిల్ల. చున్నీ ఇంకాస్త బిగించుకుంది. "అయిదు నిమిషాల్లో పిలుస్తా."

బ్రేకమ్మ లేచి బయటికి వచ్చింది. తర్వాత ఎందరడిగినా ఇదే చెప్పింది. పొమ్మన్నారు, లేచి వచ్చాను. మొగుడూ పెళ్ళాల మధ్య మనకెందుకు అనే మాట అందరి నోటా విని ఉన్నదే కదా, అదే కాళ్ళను నడిపించింది. అతణ్ణి దాటుతున్నప్పుడు వెనక్కి పెట్టుకున్న చేతిలో ఏముందో కూడా చూసింది. కారు చక్రం నట్లు విప్పే స్పానరు. మూర పొడుగు ఇనపకడ్డీ. రోజూ చూసే వస్తువు కాబట్టి వింతగా తోచలేదు. మెట్టు దిగాక తోచింది. తిరిగి చూసేసరికి షట్టరు బరబరా కిందికి జారింది.

ముందు మాటలు వినబడ్డాయి, నెమ్మదిగా. తర్వాత అద్దం పగిలిన చప్పుడు. ఆ తర్వాత అరుపు వస్తుందని ఆమె ఎదురుచూసింది. రాలేదు. అరుపు రాకపోవడంతోనే ఆమె మళ్ళీ మెట్టెక్కింది.

షట్టరు అడుగున వేళ్ళు దూర్చి రెండు చేతులతో ఎత్తింది. తాళం పడలేదు. నడుం దాకా లేవగానే వంగి దూరింది.

అతను భార్య జుట్టు ఎడమచేతికి చుట్టుకుని, మొహం కౌంటరుకేసి నొక్కిపెట్టి ఉన్నాడు. చెంప కింద అద్దం పెంకులు. పెంకుల కింద సముద్రాలన్నీ ఎర్రగా ఉన్నాయి. కుడిచేత్తో స్పానరు వీపు మీద దించుతున్నాడు. మాటకొక దెబ్బ. "నవ్వు. అందరితో. నవ్వుతావు. కదా. నవ్వు." గొంతు పెంచలేదు. ఆ పిల్ల దెబ్బ పడినప్పుడల్లా గాలి వదులుతోంది తప్ప అరవడం లేదు. అరిస్తే ఇంకా ఎక్కువ పడతాయని ఎన్నాళ్ళుగా నేర్చుకుందో.

బ్రేకమ్మ ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి అతని వీపు మీద విసిరింది. కాలు విరిగింది, కుర్చీదే. అతను తల తిప్పి చూశాడు.

"బయట ఉండమన్నానుగా మేడమ్" అని, జుట్టు వదిలేసి ఇటు తిరిగి కొట్టాడు.

ఆమె ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. ముంజేతి ఎముక విరిగిన చప్పుడు ముందు వినబడింది, నొప్పి తర్వాత వచ్చింది. గోడకు కొట్టుకుని కింద కూలబడింది. అతను మీదికి వచ్చి స్పానరు రెండు చేతులతో పైకెత్తాడు. తల మీదికే. ఆమె వీపు గోడకు ఆనించి, కుడికాలు ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి అతని మోకాలి మీద తన్నింది. పాతికేళ్ళు ఊరందరి బ్రేకులూ తొక్కిన కాలు. అతను పక్కకు ఒరిగి పడ్డాడు. స్పానరు చేతిలోంచి జారింది.

ఆమె అందుకుంది. అదే మోకాలి మీద కొట్టింది. లోపల ఏదో పగిలి మెత్తబడినట్టు స్పానరుకు తెలిసింది. అతను కేక పెట్టాడు. భుజం మీద కొట్టింది. నేలను పట్టుకోబోయిన చేతివేళ్ళ మీద కొట్టింది. "వద్దు మేడమ్, వద్దు" అన్నాడు. ఆ మేడమ్ అన్న మాట ఆమె ఒళ్ళు మండించింది. మళ్ళీ కొట్టింది.

"చాలక్కా" అంది కౌంటరు మీంచి ఆ పిల్ల. చెంపలోంచి అద్దం పెంకు పొడుచుకుని ఉంది. "చాలు."

బ్రేకమ్మ ఆ మాట విన్నది. విన్నాక కూడా కొట్టింది.

షట్టరు పైకి లేచింది. కేకలు విని వీధి వచ్చేసింది. ఫోన్లు బాగుచేసేవాడు, జ్యూసుబండి ఆయన, బట్టల దుకాణంలో కొలతలు తీసేవాళ్ళు, ముక్కూ మొహం తెలియని మనుషులు ఇంకెందరో. రక్తం కారుతున్న ఆడపిల్లనూ, కింద పడున్న మగవాణ్ణీ ఒక్క చూపు చూశారు. ఎవరూ ఏమీ అడగలేదు. కాళ్ళు పట్టుకుని అతణ్ణి మెట్ల మీదుగా వీధిలోకి ఈడ్చారు. తల మెట్టు మెట్టుకూ తగిలింది.

తలో చెయ్యీ వేశారు. చేతులు అందనివాళ్ళు కాళ్ళు వేశారు. వెనకున్నవాళ్ళు ముందున్నవాళ్ళను అడుగుతున్నారు.

"ఎవడు వీడు?"

"దొంగంట. గొలుసు లాగాడంట."

"గొలుసు కాదు, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడంట."

ఆ మాట అంటుకోగానే దెబ్బల చప్పుడు మారింది. పొద్దున కొట్టుకున్న బండివాడూ మోటారుసైకిలు కుర్రాడూ భుజాలు రాసుకుంటూ నిలబడి, వాడి తర్వాత వీడు, తంతున్నారు. బండివాడి చెవికి గుడ్డ కట్టి ఉంది.

బ్రేకమ్మ విరిగిన చెయ్యి పొట్టకు అదుముకుని జనంలోకి దూరింది. "ఆపండి. చచ్చిపోతాడు. పోలీసుల్ని పిలవండి."

"మీరు పక్కకు రండమ్మా. మేం చూసుకుంటాం" అన్నాడొక పెద్దమనిషి, ఆమె భుజం పట్టుకుని జాగ్రత్తగా పక్కన నిలబెట్టి. తర్వాత తిరిగి వెళ్ళి తన్నాడు.

మళ్ళీ దూరింది. ఎవరి మోచెయ్యో నోటికి తగిలింది. పన్ను కదిలి నోరంతా ఉప్పగా అయింది. కాళ్ళ సందుల్లోంచి అతని మొహం కనబడింది. ఒక కన్ను ఉన్నచోట కన్ను లేదు. ఎవడో కాలిబాట అంచున ఊడిన సిమెంటు దిమ్మెను రెండు చేతులతో ఎత్తుకుని వస్తున్నాడు. జనం అతనికి దారి ఇస్తున్నారు.

ఆమె పరుగెత్తింది. చెప్పుల వ్యాను అక్కడే ఉంది, తలుపులు తెరిచే ఉన్నాయి, తాళంచెవి వేలాడుతోంది. ఎక్కి కూర్చుని స్టార్టు చేసింది. గేరు ఎడమచేతికి. ఆ చెయ్యి లేదు. స్టీరింగు వదిలేసి కుడిచెయ్యి అడ్డంగా చాపి రివర్సు గేరు లాగింది. తన దగ్గర నేర్చుకునేవాడెవడైనా అలా చేస్తే ఆ రోజుకు కారు దింపేసేది. హారన్ మీద గడ్డం నొక్కి, వ్యానును వెనక్కి, జనం మీదికే పోనిచ్చింది.

జనం చెల్లాచెదరయ్యారు. సిమెంటు దిమ్మె అతని తల మీద కాకుండా వ్యాను తలుపు మీద పడింది. ఆమె దూకింది. మెట్ల పక్కన చెప్పుల షాపాయన కనబడ్డాడు.

"బాబాయిగారూ, పట్టండి."

ఆయన కాసేపు అర్థంకానట్టు చూశాడు. తర్వాత వచ్చి చంకల కింద చేతులేసి లాగాడు. ఆమె ఒంటిచేత్తో ప్యాంటు పట్టుకుని నెట్టింది. అట్టపెట్టెల మీద పడేశారు. తలుపు వేస్తుంటే టికెట్లమ్మాయి చున్నీ చెంపకు అదుముకుని తూలుతూ వచ్చి ముందు సీట్లో ఎక్కింది.

"నేనూ వస్తా. నాకూ ఆసుపత్రి కావాలి" అంది.

వీధి మళ్ళీ దగ్గరకు వస్తోంది. పిడికిళ్ళు రేకు మీద మోగుతున్నాయి. ఒక రాయి వచ్చి ముందద్దాన్ని సాలెగూడులా చేసింది.

"గేరు నువ్వెయ్యాలి" అంది బ్రేకమ్మ. ఆమె గొంతు తనకే పరాయిగా వినబడింది, స్కూల్లో మొదటిరోజు పాఠం చెప్పే గొంతు. "క్లచ్చి నేను తొక్కుతా. ఆ కర్ర పట్టుకో. పైకి తొయ్. ఊఁ. భయపడకు."

రక్తంతో చెయ్యి జారింది. ఆ పిల్ల రెండు చేతులతో పట్టుకుని తోసింది. వ్యాను ఎగిరి ముందుకు దూకింది. ఎవరో అద్దానికి తగిలి పక్కకు పడ్డారు. ఆగలేదు.

"ఇప్పుడు కిందికి లాగు. గట్టిగా. ఇది మొండిది."

రెండో గేరు కరకరమని పడింది. వీధి చివర మలుపు తిరిగారు. వెనక అరుపులు తగ్గాయి.

"ఇక్కడ ఆపక్కా" అంది టికెట్లమ్మాయి.

"ఏం?"

"దింపేద్దాం వాణ్ణి. ఎవరూ లేరు. ఇక్కడ దింపేసి పోదాం."

బ్రేకమ్మ వ్యాను ఆపలేదు. పగిలిన అద్దంలోంచి రోడ్డు ముక్కలుముక్కలుగా కనబడుతోంది. వెనకనుంచి మూలుగు వచ్చింది. తర్వాత మాట. నోటినిండా రక్తం ఉన్నా ప్రతి అక్షరం తెలిసింది.

"దిగాక చెప్తా నీ సంగతి."

టికెట్లమ్మాయి సీటు మధ్యనుంచి వెనక్కి పాకింది. బ్రేకమ్మ పైనున్న చిన్న అద్దంలో చూసింది. ఆ పిల్ల పెట్టెల మధ్య నిలబడి, పైకప్పు పట్టుకుని, పగిలిన మోకాలి మీద పాదం పెట్టింది. బరువంతా దాని మీద వేసింది. అతను అరిచిన అరుపు మనిషి అరుపులా లేదు. పాదం తీసింది. మళ్ళీ పెట్టింది. ఆమె మొహంలో కోపం కూడా లేదు. తలుపు బిగుసుకుపోతే పట్టుదలగా తోసేవాళ్ళ మొహం.

బ్రేకమ్మ చూస్తూనే నడిపింది. ఆపమని అనలేదు. ఇంజను రెండో గేరులో గొంతు చించుకుంటోంది, వ్యానంతా కాలిన వాసన. ముందు పెద్ద రోడ్డు వచ్చింది. లారీలు.

"ముందుకు రా" అంది చివరికి. "గేరు మార్చాలి."

ఆ పిల్ల కదల్లేదు.

"అమ్మాయ్, గేరు మార్చకపోతే నువ్వూ నేనూ కూడా పోతాం. రా."

వచ్చింది. కూర్చుంది. కర్ర పట్టుకుని పైకి తోసింది. ఆసుపత్రి గేటు దాకా ఇద్దరూ గేర్ల మాట తప్ప ఇంకో మాట మాట్లాడుకోలేదు. వెనకాయన కూడా మళ్ళీ నోరెత్తలేదు.

అతను బతికాడు. ఒక కన్ను పోయింది, పక్కటెముకలు విరిగాయి, మోకాలు ఇక వంగదన్నారు. టికెట్లమ్మాయి చెంపకూ తలకూ కుట్లు పడ్డాయి. వీపు చూసిన నర్సు తెర లాగేసి బయటికొచ్చింది. కొత్త దెబ్బల కింద పాతవి ఉన్నాయంది.

సాయంత్రం ఎస్సై వచ్చింది. బ్రేకమ్మ కంటే చిన్నది, అలసిపోయిన మనిషి. అప్పటికే వీధంతా తిరిగి వచ్చింది. ఎవరూ ఏమీ చూడలేదట. కొలతలు తీసేవాళ్ళు కొలతలు తీస్తున్నారట, జ్యూసాయన జ్యూసు తీస్తున్నాడట.

"మీ సంగతి చెప్పండి. మీ మీదికి వచ్చాడు, మీరు కొట్టారు. అంతేగా?"

"తలమీద కొట్టబోతే తన్నాను. స్పానరు తీసుకుని మోకాలు పగలగొట్టాను. పడ్డాక కూడా కొట్టాను."

ఎస్సై రాస్తున్న పెన్ను ఆపింది. "పడ్డాక సంగతి నేనడగలేదమ్మా."

"నేను చెప్తున్నా."

"ఎందుకు కొట్టారు పడ్డాక?"

బ్రేకమ్మ పట్టీ వేసిన చేతివైపు చూసుకుంది. "ఆగబుద్ధి కాలేదు" అంది.

కేసు చాలాకాలం నడిచింది. కోర్టులోనూ ఆమె అదే చెప్పింది. జడ్జి ఆ మాట రాయించుకున్నాడు, అంతకు మించి ఏమీ కాలేదు. అతనికి జైలు పడింది. వీధిలో ఎవరికీ ఏమీ పడలేదు. టికెట్లమ్మాయి ఇంకో ఊరు వెళ్ళిపోయి, అక్కడ వేరేవాళ్ళ ఆఫీసులో పనికి కుదిరింది. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. తిన్నావా అంటే తిన్నానని, నువ్వు తిన్నావా అని. అయినా చేస్తుంది.

కానీ ఆ రోజు సాయంత్రం, ఎస్సై వెళ్ళిపోయాక, ఆసుపత్రి వరండా బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నప్పుడు ఆ పిల్ల ఒక మాట అడిగింది. కుట్లు వేసిన చెంప కదలకుండా, సగం నోటితో.

"ఎందుకు బతికించావక్కా వాణ్ణి?"

బ్రేకమ్మ ఏదో మంచిమాట చెప్పబోయి మానుకుంది.

"చస్తే నా చేతిలో చచ్చినట్టవుతుందని భయం వేసింది. మొదలెట్టింది నేనే కదా. నీ గురించి ఆలోచించి కాదు."

"నేనైతే బతికించేదాన్ని కాదు" అంది ఆ పిల్ల. తర్వాత తల తెచ్చి బ్రేకమ్మ బాగున్న భుజం మీద పెట్టింది. పెట్టి నిద్రపోయింది, అలాగే, నోరు తెరుచుకుని.

మర్నాడు వ్యాను ఇంకొకరి చేత తోలించుకుని బ్రేకమ్మ చెప్పుల షాపుకు వెళ్ళింది. వీధి మామూలుగా ఉంది. షాపాయన పైపు తెచ్చి వ్యాను లోపల నీళ్ళు కొట్టాడు. తడిసి పాడైన పెట్టెలు ఒక్కొక్కటే తీసి పక్కన పడేశాడు. ఆమె ఒంటిచేత్తో చీపురు పట్టుకుంది. ఆయన వద్దనలేదు. ఎర్రటి నీళ్ళు కాలవలోకి పోతుంటే చూస్తూ,

"పిల్లల్ని ఎత్తుకెళ్ళేవాడన్నారమ్మా" అన్నాడు. "నాకు మనవరాళ్ళున్నారు. వెళ్ళి నేనూ ఒక తన్ను తన్నాను. డొక్కలో. మీరు పిలిచినప్పుడు అప్పుడే తన్ని పక్కకొచ్చాను."

ఆమె ఇంకో పెట్టె బయటికి నెట్టింది. మూలలు గీకి గీకి కడిగారు. రేకు అతుకుల్లోకి దిగింది మాత్రం పోలేదు.

కబురు తెలిసి తమ్ముడు కారేసుకుని వచ్చాడు. మరదలు దిండ్లు పంపింది, చెయ్యి ఆనించుకోవడానికి. వెనక సీట్లో ఒదిగి కూర్చుంది బ్రేకమ్మ. ఊరు దాటాక తమ్ముడు, "ఆ ఎస్సై చెప్తుంటే నాకు నమ్మబుద్ధి కాలేదక్కా. చీమకు కూడా దారిస్తావు నువ్వు. ఎంత భయపడి ఉంటే అలా కొట్టి ఉంటావు" అన్నాడు.

"భయపడింది తన్నేదాకానేరా" అంది.

"తర్వాత?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. పొలాలు, కరెంటు స్తంభాలు, ఎవరిదో బావి.

"తర్వాత హాయిగా ఉంది" అంది. "ఎప్పుడూ అంత హాయిగా లేదు. కొడుతున్నంతసేపూ ఒళ్ళంతా తేలిగ్గా అయిపోయింది. ఆ పిల్ల చాలంటే, ఇంకాసేపు అనిపించింది."

కొంతదూరం పోయాక తమ్ముడు చెయ్యి పైకెత్తి ముందున్న అద్దాన్ని సరిచేసుకున్నాడు, వెనక సీట్లో ఉన్న ఆమె మొహం కనబడేలా.